టెస్టోస్టిరాన్ తీసుకునే తిరునంబికి కోరిక పెరిగితే: ఇంట్లోవాళ్ళు తెలుసుకోవలసింది

తిరునంగై అంటే ఎవరో మన తేని జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బోడి బస్టాండులో చూస్తాం, వీరపాండి తిరునాళ్ళలో చూస్తాం. కూవాగం ఉత్సవం వచ్చిందంటే పేపర్ల నిండా ఫొటోలే. తిరునంబి అనే మాటే ఇంకా మన చెవులకు కొత్త. ఆడపిల్లగా పుట్టినా తాను మగవాడినని లోపల గట్టిగా తెలిసి, మగవాడిగానే బతికే మనిషిని తమిళంలో తిరునంబి అంటున్నారు. మద్రాసు హైకోర్టు చెప్పిన మీదట తమిళనాడు ప్రభుత్వం 2022 ఆగస్టులో గెజిట్‌లో వేసిన పదాల పట్టికలోనూ ఆ మాటే ఉంది. ఆంధ్ర, తెలంగాణ పేపర్లు ట్రాన్స్ పురుషుడు, ట్రాన్స్‌మ్యాన్ అని రాస్తున్నాయి. మనవాళ్ళకు నోరు తిరిగేది తిరునంబే కాబట్టి నేనూ అదే వాడతాను.

మన పెద్దవాళ్ళకు ఒక మాట ఉండేది, మగరాయుడు అని. చెట్లెక్కే పిల్లను, జడ వేయించుకోనని మొండికేసే పిల్లను ముద్దుగానో విసుగ్గానో అలా పిలిచేవారు. వాళ్ళందరూ తిరునంబులు కారు. చాలామంది పెద్దయ్యాక చీర కట్టి సుఖంగా సంసారం చేసుకున్నవాళ్ళే. ఎవరో ఒకరిద్దరికి మాత్రం ఆ మాట నిజమే అయి ఉంటుంది. వాళ్ళేమయ్యారో మనం అడగలేదు. తిరునంగై ఇల్లు వదిలి తనవాళ్ళ జమాత్‌ను వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది, అందుకే వీధిలో కనిపిస్తుంది. తిరునంబి ఆడపిల్లగా పెరిగినవాడు, మనం ఆడపిల్లను గడప దాటనివ్వం కదా, అందుకే ఎక్కువగా ఇంట్లోనే మిగిలిపోతాడు. అతని కష్టం ఏదైనా ఇంటి కష్టమే అవుతుంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక ప్రశ్న. సర్టిఫికెట్ల పని మీద సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్ళు పని అయ్యాక తలుపు దగ్గర ఆగి, ఎవరూ లేరని చూసుకుని అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఒక తల్లి అలా అడిగింది. ఇరవై నాలుగేళ్ళ బిడ్డ, ఉద్యోగం చేసుకుంటున్నాడు, డాక్టరు రాసిన మగ హార్మోన్ ఇంజెక్షన్ కొన్ని నెలలుగా వేసుకుంటున్నాడు. గొంతు మారడం, మీసం మొలవడం ఆమె ఎలాగో మింగింది. కానీ ఇప్పుడు "ఆ ధ్యాస" ఎక్కువైనట్టుందని ఆమె దిగులు. మందు వల్లనా, చెడు సావాసం వల్లనా అన్నది ప్రశ్న. చివరి మాటకు వచ్చేసరికి తెలుగు వదిలి తమిళంలోకి మారింది. మన ఇళ్ళలో ఇది మామూలే. దీవించడానికీ తిట్టడానికీ తెలుగు, జబ్బు చెప్పుకోవడానికి తమిళం, ఒంటి సంగతులకు ఇంగ్లీషు. అసలు సంగతి మూడు భాషల మధ్య ఎక్కడో జారిపోతుంది.

నేను డాక్టరును కాను. డాక్టర్లను అడిగి, వాళ్ళు చదవమన్నవి చదివి రాస్తున్నాను. ఆ తల్లికి చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను. అది మందు పని. చాలామందిలో మొదటి నెలల్లో పెరుగుతుంది, కాలం గడిచేకొద్దీ సర్దుకుంటుంది. అది గుణం చెడిపోవడం కాదు, పెళ్ళి తొందరకు సూచనా కాదు. ఇక్కడ మాట్లాడేది పద్దెనిమిది నిండి, డాక్టరు పర్యవేక్షణలో చికిత్స తీసుకునే పెద్దవాళ్ళ గురించి.

టెస్టోస్టిరాన్ మగవాళ్ళ సొత్తు అనుకుంటాం. ఆడవాళ్ళ ఒంట్లోనూ ఉంటుంది. అండాశయాలు కొంత, మూత్రపిండాల మీద టోపీలా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు కొంత తయారుచేస్తాయి. ఒక డెసిలీటరు రక్తంలో ఆడవాళ్ళకు సుమారు 15 నుంచి 70 నానోగ్రాములు ఉంటే, మగవాళ్ళకు సుమారు 300 నుంచి 1000 దాకా ఉంటుంది. తిరునంబికి ఇచ్చే చికిత్స అంటే మొదటి లెక్కలో ఉన్న రక్తాన్ని రెండో లెక్కలోకి తీసుకుపోవడం. అంత పెద్ద మార్పు జరుగుతుంటే ఒళ్ళు ఊరుకోదు. తొలి నెలల్లోనే చర్మం జిడ్డు కారుతుంది, మొటిమలు వస్తాయి, గొంతు బొంగురుపోతుంది. నెలసరి సాధారణంగా ఆరు నెలల లోపల ఆగిపోతుంది. గడ్డం మాత్రం నిదానం, నిండుగా రావడానికి నాలుగైదేళ్ళు కూడా పట్టవచ్చు. డాక్టర్లు దీన్ని రెండో యుక్తవయసు అంటారు.

కోరిక పెరగడమూ ఈ వరసలోదే. టెస్టోస్టిరాన్ మెదడులో కోరికకు సంబంధించిన చోట్ల నేరుగా పనిచేస్తుంది. జననాంగంలో పైన ఉండే చిన్న భాగం, క్లిటోరిస్, ఈ మందుతో కొంత పెరుగుతుంది, దానికి రక్తప్రసారమూ స్పర్శా ఎక్కువవుతాయి. ఇవి ఒంటికి సంబంధించినవి. మనసుది మరో సంగతి. తన ఒంటిని అద్దంలో చూసుకోవడానికే ఇష్టపడని మనిషికి, ఎవరైనా తాకితే ముడుచుకుపోయే మనిషికి కోరిక ఉన్నా అది అడుగున పడి ఉంటుంది. నెలసరి ఆగి, గొంతు మారి, పక్కింటివాళ్ళు కూడా "ఏం తమ్ముడూ" అని పిలవడం మొదలుపెట్టాక ఆ బరువు దిగుతుంది. అప్పుడు బయటపడే కోరికలో మందు వాటా ఎంత, మనసు తేలికపడ్డ వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం.

ఈ మనసు సంగతిలో మన భాషకూ ఒక పాత్ర ఉంది. ఇంగ్లీషులో వచ్చినవాళ్ళు ఆడైనా మగైనా క్రియ ఒకటే. తెలుగులో "వచ్చిందా" అన్నామా, "వచ్చాడా" అన్నామా అన్నదాంట్లోనే అంతా తేలిపోతుంది. ఇంట్లో రోజుకు వంద సార్లు వినపడే మాట అది. ఆ ఒక్క అక్షరం మార్చడానికి తల్లిదండ్రులకు ఏళ్ళు పడుతుంది. మార్చిన ఇంట్లో బిడ్డ ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు.

ఇక లెక్కలు. బెల్జియంలో 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 138 మంది ట్రాన్స్ పురుషులను అడిగారు. చికిత్స తర్వాత కోరిక పెరిగిందని నూటికి 71 మంది చెప్పారు. అంటే మిగతా 29 మందికి పెరగలేదు. ఈ రెండో లెక్క కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పెరగకపోతే తన మగతనంలోనే ఏదో లోపం ఉందని కుంగిపోయే కుర్రవాళ్ళూ ఉంటారు. లోపమేమీ లేదు.

దానికంటే ఉపయోగపడే అధ్యయనం 2020లో వచ్చింది. బెల్జియంలోని ఘెంట్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, ఇటలీలోని ఫ్లోరెన్స్ లాంటి ఊళ్ళ ఆసుపత్రులు కలిసి చేసిన పని అది. జరిగిపోయింది గుర్తు తెచ్చుకుని చెప్పమనకుండా, చికిత్స మొదలుపెట్టిన రోజు నుంచి మూడేళ్ళ పాటు మనుషులను వెంబడించి కొలిచారు. మొత్తం 766 మందిలో 365 మంది ట్రాన్స్ పురుషులు. వీళ్ళలో సగటున మొదటి మూడు నెలల్లోనే కోరిక పెరిగింది. మూడేళ్ళు అయ్యేసరికి, తోడు కావాలనే కోరిక చికిత్సకు ముందున్న స్థాయికే వచ్చి ఆగింది. ఒంటరిగా ఉన్నప్పుడు కలిగే కోరిక మాత్రం కొంచెం ఎక్కువగానే నిలిచింది. ఏరు పొంగి, తీసి, తన ఒడ్డుల మధ్య పారినట్టు అనుకోవచ్చు.

ఆ అధ్యయనంలోనే మరో సంగతి ఉంది. నన్నడిగితే మన కుర్రవాళ్ళు ముందు చదవవలసింది అదే. రక్తంలో టెస్టోస్టిరాన్ ఎంత ఉందన్నదానికీ కోరిక ఎంత ఉందన్నదానికీ పొంతన కనిపించలేదు. 400 ఉన్నవాడికంటే 900 ఉన్నవాడికి రెట్టింపు కోరిక ఉండదు. హార్మోన్ ఒక మోతాదుకు చేరడం ముఖ్యం, ఆపైన పోసినకొద్దీ లాభమేమీ లేదు. జిమ్‌లో పరిచయమైనవాడి చేతి మీదుగానో, తెలిసిన మందుల షాపులోనో చీటీ లేకుండా కొని, త్వరగా మగవాడినైపోవాలని రెండింతలు వేసుకునేవాళ్ళున్నారని విన్నాను. ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజన్‌గా, అంటే వాళ్ళు వద్దనుకున్న ఆడ హార్మోన్‌గానే మారుతుంది. అంతకంటే ప్రమాదం రక్తం చిక్కబడటం. ఎర్రకణాల శాతాన్ని హెమటోక్రిట్ అంటారు, అది 54 దాటితే గడ్డలు కట్టే భయం ఉందని డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, అవసరమైతే మందే ఆపుతారు. టెస్టోస్టిరాన్ చీటీ మీదే అమ్మవలసిన మందు. చీటీ లేకుండా ఇచ్చినవాడు మనకు మేలు చేసినట్టు కాదు.

మందు వేసే పద్ధతిని బట్టి కూడా కోరికలో ఎగుడుదిగుళ్ళు ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా వాడేది కండరంలోకి వేసే నూనె ఇంజెక్షన్, రెండు మూడు వారాలకొకసారి. వేసిన రెండు మూడు రోజుల్లో రక్తంలో మందు శిఖరానికి ఎక్కుతుంది, తర్వాతి ఇంజెక్షన్ వేళకు అడుగంటుతుంది. ఆ ఎక్కుదిగుళ్ళతో పాటే కోరికా, నిద్రా, చిరాకూ మారుతుంటాయి. వేసిన వారం హుషారు, చివరి వారం నీరసం. ఇంట్లోవాళ్ళకు "నిన్న బాగానే ఉన్నాడే" అనిపించేది దీనివల్లే. ఇది మరీ ఇబ్బందిగా ఉంటే డాక్టరుకు చెప్పాలి. మోతాదు సగం చేసి వారం వారం వేయవచ్చు, రోజూ రాసుకునే జెల్‌కు మార్చవచ్చు. మూడు నెలలకొకసారి వేసే 1000 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కూడా ఉంది, అందులో ఎగుడుదిగుళ్ళు తక్కువ, ఖర్చు ఎక్కువ. నూనె ఇంజెక్షన్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. సస్టానాన్ అనే పేరుతో దొరికే మందులో కలిపేది వేరుశనగ నూనె. మన ఆండిపట్టి వైపు వేరుశనగ పడనివాళ్ళు అరుదేమో, అయినా ఎవరికైనా పడకపోతే ముందే చెప్పి తీరాలి.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ భయాలకు వస్తాను. మొదటి భయం, మందు వేసుకుంటే ఆడపిల్లల వెంట పడతాడేమోనని. హార్మోన్ పెంచేది కోరిక బలాన్ని. ఆ కోరిక ఎవరి మీదన్నది వేరే సంగతి. తిరునంబుల్లో ఆడవాళ్ళంటే ఇష్టపడేవాళ్ళున్నారు, మగవాళ్ళంటే ఇష్టపడేవాళ్ళున్నారు, ఎవరి మీదా ధ్యాస లేనివాళ్ళూ ఉన్నారు. చికిత్స మొదలయ్యాక తమ ఇష్టాలు కొంత మారాయని చెప్పేవాళ్ళు కొందరుంటారు, అంతకుముందు ఒప్పుకోలేనిది ఇప్పుడు ఒప్పుకోవడమూ అందులో ఉండవచ్చు. ఎదుటి మనిషి ఇష్టం లేకుండా వెంటపడటం అనేది హార్మోన్ నేర్పేది కాదు. ఆ మర్యాద ఏ మగపిల్లవాడికైనా ఇంట్లో నేర్పవలసిందే, తిరునంబికి కూడా అంతే.

రెండో భయం, కోపం పెరిగి రౌడీ అవుతాడని. పైన చెప్పిన యూరప్ బృందమే కోపాన్ని కూడా కొలిచి చూసింది. టెస్టోస్టిరాన్ తీసుకున్నవాళ్ళలో సగటున కోపం పెరిగినట్టు తేలలేదు. ఆడపేరుతో పిలిచి, ఆడబట్టలు కట్టించి, బంధువుల ముందు నిలబెడితే వచ్చే కోపాన్ని మందు ఖాతాలో రాయకూడదు.

మూడోది భయం కూడా కాదు, ఒక ఆలోచన, అన్నిటిలోకీ ప్రమాదకరమైనది. "కోరిక మొదలైంది కదా, ఇదే అదను, మేనమామ కొడుక్కిచ్చి చేసేద్దాం, సర్దుకుంటుంది." మన కులాలన్నిటిలో మేనరికం ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి ఈ ఆలోచన ఇంట్లోనే తయారుగా ఉంటుంది, సంబంధం వెతకనక్కర్లేదు. టెస్టోస్టిరాన్ తెచ్చిన కోరిక మగవాడిగా బతుకుతున్న మనిషి కోరిక. అతన్ని భార్యగా కూర్చోబెడితే ఆ కోరిక తీరదు, అసహ్యంగా మారుతుంది. పాపం ఆ మేనబావ బతుకూ అందులో పోతుంది. ఇలాంటి పెళ్ళిళ్ళు ఏడాది తిరక్కుండా పంచాయతీకి రావడం, కొన్ని అంతకంటే ఘోరంగా ముగియడం పెద్దలకు తెలియనిది కాదు.

ఇక్కడే ఎవరూ చెప్పని ఒక ఒంటి సంగతి కూడా ఉంది. కోరిక పెరిగినా, టెస్టోస్టిరాన్ వల్ల యోని లోపలి పొర పల్చబడి పొడిబారుతుంది. మొదటి ఆరు నెలల్లో ఎప్పుడైనా మొదలుకావచ్చు. కలయికలో నొప్పి, మంట, ఒక్కోసారి రక్తపు చుక్కలు. మనసు ముందుకు లాగుతుంటే ఒళ్ళు వెనక్కి లాగుతుంది. చాలామంది సిగ్గుతో ఇది చెప్పరు, తమకేదో పెద్ద జబ్బు వచ్చిందనుకుని కుమిలిపోతారు. దీనికి మందుంది. ఆ చోట మాత్రమే రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము డాక్టర్లు ఇస్తారు. అది ఒళ్ళంతా పాకేది చాలా తక్కువ, మీసాలూ గొంతూ వెనక్కి పోవు. నీటితో చేసిన జారుడు జెల్ మందుల షాపులోనే దొరుకుతుంది. క్రీము పెట్టుకోవడం కూడా మనసుకు గిట్టని తిరునంబులుంటారు, వాళ్ళతో డాక్టరు ఓపికగా మాట్లాడాలి. గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం ఆడవాళ్ళకు చేసే క్యాన్సర్ పరీక్ష తిరునంబికీ అవసరమే. గడ్డంతో వెళ్ళి స్త్రీల వార్డు ముందు కూర్చోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఇంట్లోవాళ్ళు ఒకరు తోడు వెళ్తే సగం కష్టం తీరుతుంది.

నెలసరి ఆగింది కదా, ఇక గర్భం రాదు అనుకోవడం ఇంకో పొరపాటు. టెస్టోస్టిరాన్ గర్భనిరోధక మందు కాదు. నెలసరి ఆగినా అండం విడుదల కావచ్చు, మగవాడితో కలయిక ఉంటే గర్భం నిలవవచ్చు. మందు తీసుకుంటుండగా నిలిచిన గర్భంలో బిడ్డకు, ముఖ్యంగా ఆడబిడ్డకు, హాని ఉంటుంది. అందుకే అలాంటి సంబంధం ఉన్నవాళ్ళు నిరోధక సాధనం వాడి తీరాలి. మన కొండ దాటితే కేరళ. అక్కడ కోళికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో 2023 ఫిబ్రవరి 8న సహద్ అనే ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్నాడు. దేశమంతా పేపర్లలో చూశాం. ఆయన, ఆయన తోడు జియా కలిసి బిడ్డ కావాలనుకుని, హార్మోన్ చికిత్స ఆపుకుని కన్న బిడ్డ అది. పిల్లలు కావాలా వద్దా అన్న మాట చికిత్స మొదలుపెట్టకముందే డాక్టరుతో మాట్లాడుకోవడం మంచిది.

కోరిక పెరగడం గురించే ఇంతసేపూ మాట్లాడాను. తగ్గిపోవడమూ ఉంటుంది. మందు మధ్యలో మానేస్తే, డబ్బు లేక ఇంజెక్షన్ వాయిదా పడితే తగ్గుతుంది. మనోవ్యధకు వాడే కొన్ని మాత్రలు కోరికను అణిచేస్తాయి, ఇది తిరునంబులకే కాదు, వాడే అందరికీ వర్తిస్తుంది. అలాగని ఆ మాత్రలు తమంతట తాము మానకూడదు, రాసిన డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. అండాశయాలు తీయించుకున్నవాళ్ళ విషయం వేరే. వాళ్ళ ఒంట్లో సొంత హార్మోన్ దాదాపు ఉండదు, ఇంజెక్షనే ఆధారం. ఆపితే కోరిక పోవడం ఒక్కటే కాదు, ఎముకలు గుల్లబారతాయి. శస్త్రచికిత్స అయిపోయింది కదా, ఇక మందెందుకు అని ఇంట్లో పెద్దలు డబ్బు ఆపేయకూడదన్నది ఇందుకే.

యూరప్ లెక్కలు చదువుతుంటే నాకు ఒకటి తోచింది. అక్కడ ఇరవై దాటిన మనిషికి సొంత గది, సొంత తాళం చెవి ఉంటాయి. మన ఇళ్ళలో హాల్లో అవ్వ, పక్కన చిన్నాయన పిల్లలు, తలుపు గడియ పెడితే "ఏం చేస్తున్నావ్ లోపల" అని కేక. కోరిక పెరిగిన పెద్ద మనిషికి కాస్త ఏకాంతం కావాలి. ఒంటరిగా ఉన్నప్పటి కోరిక మూడేళ్ళ తర్వాత కూడా కొంత ఎక్కువగానే నిలుస్తుందని పైన చెప్పిన అధ్యయనమే చెబుతోంది. దానికి సిగ్గుపడవలసిందీ, నిఘా పెట్టవలసిందీ లేదు. తలుపు కొట్టి లోపలికి వెళ్ళడం అలవాటు చేసుకుంటే చాలు. ఫోను లాక్కుని చూడటం, జీతం లెక్క అడగటం, స్నేహితులను తరిమేయడం వంటివి ఆ ధ్యాసను తగ్గించవు, బిడ్డను తగ్గిస్తాయి. ఇంట్లో పెళ్ళి కాని మగపిల్లలకు ఏ మాత్రం చోటు ఇస్తామో అంత ఇవ్వండి, ఎక్కువ అడగడం లేదు.

కొందరు బిడ్డను "సరిచేయమని" మంత్రగాళ్ళ దగ్గరికో, కరెంటు పెట్టే డాక్టర్ల దగ్గరికో, ఆడ హార్మోన్ మాత్రలు రాసేవాళ్ళ దగ్గరికో తీసుకుపోతారు. ఇది చట్టం ముందు నిలవదు. మన మదురైకి చెందిన ఇద్దరు అమ్మాయిలు ఇల్లు వదిలి చెన్నై చేరినప్పుడు తల్లిదండ్రులు తప్పిపోయారని ఫిర్యాదు చేశారు, ఆ కేసు మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్ 7న ఇచ్చిన ఆదేశాల్లో, ఇలాంటివారిని మందులతోనో ఒత్తిడితోనో మార్చే ప్రయత్నాలను నిషేధించమన్నారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ అది వర్తిస్తుంది. అలా చేసే డాక్టర్ల లైసెన్సు మీద చర్య తీసుకోమన్నారు. మరుసటి ఏడు జాతీయ వైద్య కమిషన్ కూడా దాన్ని వృత్తి దుష్ప్రవర్తనగా పరిగణించమని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు రాసింది. ఆ జడ్జిగారు తీర్పు రాసేముందు ఈ విషయం తనకే సరిగా తెలియదని ఒప్పుకుని, ఒక మనస్తత్వవేత్త దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. హైకోర్టు జడ్జి కూర్చోగా లేనిది మనం కూర్చుంటే తలవంపులేమీ కాదు.

ఎక్కడికి వెళ్ళాలి అని అడుగుతారు. ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు దేశంలో మొదట పెట్టింది మన తమిళనాడే, 2008లో. మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో, చెన్నై రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో వీరికోసం ప్రత్యేక క్లినిక్‌లు ఉన్నాయి. తేని నుంచి మదురైకి బస్సులో రెండు గంటల లోపే. మొదటి మాటకు క.విలక్కు మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళి అక్కడి నుంచి చీటీ రాయించుకున్నా సరే. హైదరాబాదులో చుట్టాలున్నవాళ్ళు అక్కడి మిత్ర్ క్లినిక్ గురించి విని ఉంటారు. 2021లో నారాయణగూడలో మొదలై, నడిపేవాళ్ళలోనే ట్రాన్స్ వ్యక్తులుండి మంచి పేరు తెచ్చుకుంది. అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 మొదట్లో మూతపడింది. బయటి డబ్బు మీద నడిచేదాని గతి అది. అందుకే ప్రభుత్వ ఆసుపత్రి రద్దీగా ఉన్నా అక్కడే ఫైలు తెరిపించుకోమని నా సలహా. హార్మోన్ చికిత్స, దానికి సంబంధించిన కౌన్సెలింగ్ ప్రభుత్వాలు అందించాలని 2019లో వచ్చిన చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. అడిగేటప్పుడు ఆ సెక్షన్ నంబరు చెబితే అవతలి గుమాస్తా కాస్త నిటారుగా కూర్చుంటాడు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఇంజెక్షన్ వేసిన తేదీ, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజుల్లో హుషారు, ఏ రోజుల్లో చిరాకు, నొప్పి ఉంటే ఎప్పుడు అన్నది రాసుకోవాలి. కోరిక గురించి నోటితో చెప్పలేనివాళ్ళు అందులోనే రాసి పుస్తకం డాక్టరు ముందు పెడితే సరిపోతుంది. మొదటి ఏడాది సుమారు మూడు నెలలకొకసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్ష చేయిస్తారు, టెస్టోస్టిరాన్‌తో పాటు హెమటోక్రిట్ కూడా చూడమని అడగండి. రెండు మూడు వారాల ఇంజెక్షన్ వేసుకునేవాళ్ళు పరీక్షకు రెండు ఇంజెక్షన్ల నడుమ రోజుల్లో వెళ్ళాలి. మూడు నెలల ఇంజెక్షన్ వాళ్ళు తర్వాతిది వేయించుకోబోయే ముందు వెళ్ళాలి. తేదీ తప్పి వెళ్తే కాగితం మీద వచ్చే అంకె ఎక్కువో తక్కువో చూపిస్తుంది, దాన్ని బట్టి మోతాదు మారిస్తే మళ్ళీ ఇంకో మూడు నెలలు తికమక.